కట్టెలకు గుడ్డలు కట్టిన ఇంజనీరమ్మ

ఇందుమూలంగా మాదాపూర్ బండల మధ్య పనిచేసే సమస్త మేస్త్రీలకు, కూలీలకు, లారీ, ట్యాంకరు డ్రైవర్లకు తెలియజేయునది ఏమనగా: నేటి నుంచి కాల్చిన బీడీ ముక్కను ఇసుక కుప్పలో గుచ్చవచ్చును. నెత్తిన పెట్టుకోవలసిన హెల్మెట్లో ఉల్లిగడ్డలు తీసుకుపోవచ్చును. సిమెంటు బస్తా మీద కాలు మీద కాలు వేసుకుని చాయ్ తాగవచ్చును. ట్యాంకరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నా ఎవరూ నాలుక మీద వేసుకుని చూడరు. ఈ పనులన్నిటికీ అడ్డం వచ్చే మనిషి మొన్న పొద్దున సర్కారు దవాఖానాలో పోయింది. ఇక ఎవరి ఇష్టం వాళ్లది.

ఈ సంగతి నాకు ఎస్టీడీ బూత్ దగ్గర తెలిసింది. మా ట్యాంకర్లు నిలిపే చోట ఉన్న బూత్ అతను నన్ను కేకేసి, "అన్నా, మీ ముడుపుల మేడం పోయిందంట. దవాఖాన నుంచి ఫోనొచ్చింది" అన్నాడు. వాడి మనసులో చెడు ఏమీ లేదు. అందరూ అనే పేరే వాడూ అన్నాడు. నేను వెళ్లేసరికి అనంతపురం నుంచి తమ్ముడు వచ్చి ఉన్నాడు. పెళ్లి చేసుకోని అక్కను జీపులో వేసుకుని సాయంత్రానికి తీసుకుపోయాడు.

ఆడపిల్ల ఇంజనీరింగ్ చదువుతోందంటే జనం వీధిలోకి వచ్చి చూసిన కాలంలో చదివిన మనిషి ఆమె. ఆమెకు ఈ ఊళ్లో మిగిలిన పేరు మాత్రం అది: గుడ్డలు కట్టి, దేవతలను నమ్ముకుని, స్లాబు కూల్చిన ముడుపుల మేడం. నేను ఎనిమిదో తరగతిని దాటలేక దాని గుమ్మంలోనే ఆగిపోయినవాణ్ణి. రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. కానీ ఆ గుడ్డలు మొక్కుబడి ముడుపులు కావు. ఈ ఒక్క మాట చెప్పడానికే కూర్చున్నాను.

బండలు పేల్చి చదును చేసిన చోట ఒక కంప్యూటరు కంపెనీ కోసం మేడ కడుతున్నారు. పొద్దున పేలుళ్లు, మధ్యాహ్నం దుమ్ము. నేను ఆ సైటుకు నీళ్లు తోలేవాణ్ణి. ఎవరినో ఒకరిని ఆట పట్టించకపోతే నాకు అన్నం అరగదు. సూపర్‌వైజరు సైకిలును తాడు కట్టి మొదటి అంతస్తుకు ఎక్కించి, అది తనే ఎక్కిపోయిందని ఒట్టేసి చెప్పినవాణ్ణి. కొత్తగా ఆడ ఇంజనీరు వస్తోందని తెలిసిన రోజు నాకు పండుగలా అనిపించింది.

యాభై దాటిన మనిషి దిగింది. నూలు చీర, కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపి, కాళ్లకు కాన్వాసు బూట్లు. హెల్మెట్ నిలవడం కోసం జుట్టు ముడిని మెడ మీదికి దించుకుంది. చేతిలో ఒక ఇనుప డబ్బా, అడుగూ మూతా లేనిది, కింద వెడల్పు, పైన సన్నం. కలిపిన కాంక్రీటును, మా భాషలో మాల్‌ను, అందులో కూరి డబ్బా పైకి లాగితే ముద్ద ఎంత జారిందో చూసి నీళ్లు ఎక్కువా తక్కువా చెబుతారట. నాకేం తెలుసు? ఆమె అటు తిరగగానే దాన్ని టోపీలా నెత్తిన పెట్టుకుని కూలీలకు సలాం కొట్టాను. అందరూ నవ్వారు. ఆమె తిరిగి చూసింది.

"సరిగ్గా సరిపోయిందప్పా," అంది. "దానికీ లోపల ఏమీ లేదు."

కూలీలు ఈసారి నన్ను చూసి నవ్వారు. ఆమె నా ట్యాంకరు దగ్గరికి వచ్చి, కొళాయి విప్పి, అరచేతిలో నీళ్లు పట్టి నాలుక మీద వేసుకుంది.

"ఉప్పు. వెనక్కి తీసుకపో."

"గివి తాగెటందుకు గాదు మేడం. మాల్ కలిపెటందుకు."

"తాగే మనిషైతే ఉమ్మేస్తాడు. స్లాబు ఉమ్మలేదు కదప్పా. తీసుకపో."

తీసుకుపోయాను. ఆ రోజు నుంచి ఆమెకు సలాం కొడితే డబ్బా లేకుండానే కొట్టేవాణ్ణి.

పిల్లర్లను చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినడం ఆమెకు అలవాటు. "ఏమంటున్నది మేడం?" అని అడిగితే, "నీకంటే తక్కువ అబద్ధాలు చెప్తాంది" అనేది. సైటులో ఆమె కూర్చోగా నేను చూడలేదు. పెరుగన్నం, శెనక్కాయల పొడి నిలబడే తినేది. ఒకసారి కుర్చీ తెచ్చి వేశాను. దాని కాలొకటి విరిగి ఉందన్న సంగతి నాకు తెలుసు, అది వేరే విషయం. ఆమె కుర్చీ వంక చూడనైనా లేదు.

"కూర్చుని కూర్చుని అలసిపోయినానప్పా," అంది.

అప్పుడు తెలిసింది ఆమె కథ. కాలేజీలో ఆ క్లాసుకు ఆమె ఒక్కతే ఆడపిల్ల. ముందు వరుసలో ఆమె కూర్చుని ఉన్నా, పాఠం అయ్యాక సారు "ఏం బాబులూ, అర్థమైందా?" అని అడిగేవాడట. భూమి కొలతలు నేర్పే క్యాంపుకు వెళితే ఆడపిల్లకు గుడారం లేదన్నారు. బడిపంతులు అయిన వాళ్ల నాన్న సెలవు పెట్టి వెంట వెళ్లి, కూతురు కొలతలు తీస్తున్నంతసేపూ గొడుగు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. చుట్టుపక్కల రైతులు ఆయనే ఇంజనీరనుకుని నమస్కారాలు పెట్టి, మా చేను కాలువలో పోకుండా చూడు సామీ అని మొక్కేవాళ్లట.

తర్వాత కాలువల శాఖలో ఉద్యోగం. మొదటి రోజే ఒక బల్ల చూపించి కూర్చోమన్నారు. కాలువలు గీయమన్నారు. గీసింది. సైటుకు పంపండి అని అర్జీ పెట్టుకుంటే, అక్కడ ఆడవాళ్లకు వసతి ఉండదమ్మా అన్నారు. ఇంకోసారి పెట్టుకుంటే, అక్కడి జనం మొరటువాళ్లమ్మా అన్నారు. ఆమె వెనక చేరిన మగవాళ్లు సైట్లు చూసి, పై పదవులకు పోయి, ఆమె గీసిన వాటి మీద సంతకాలు పెట్టారు.

"నేను గీసిన కాలువలో నీళ్లు పోతాంటే ఒక్కసారి చూసినానప్పా. బస్సు కిటికీలో నుంచి. జర ఆపమని కండక్టరును అడిగితే ఆపలేదు."

మా మాట 'జర' ఆమె నోట్లోకి అప్పటికే వచ్చేసింది. హైదరాబాదులో మేడలు లేవడం మొదలై, ఇంజనీర్లు దొరకని రోజులు రాగానే ఆమె సర్కారు ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చింది. తల నెరిశాక సైటు దొరికింది. తన కళ్ల ముందు లేచి, తన మాట మీద నిలిచిన మేడ ఒకటి కావాలి ఆమెకు. ఇంకేమీ అడగలేదు.

ఆ మాట నిలవడమే కష్టమైంది.

స్లాబు పోశాక కింద కట్టెలు పోటు పెట్టి ఉంచుతారు. బయటికి రాయిలా కనిపించినా లోపల అది చాలా రోజులు పచ్చిదే. "బాలింత మాదిరప్పా," అని చెప్పింది నాకు. "లేచి తిరుగుతాంది కదా అని కడవ ఎత్తించకూడదు. ఈ పచ్చి దాని మీదనే మళ్లీ పై స్లాబు పోస్తాండారు. ఆ బరువంతా ఎవరు మోయల్ల?" అందుకని పైది గట్టిపడేదాకా కింది కట్టెలు కదపకూడదంటుంది. మేనేజరు సారుకేమో అవే కట్టెలు పై అంతస్తుకు కావాలి. "అలాగేనండి మేడం గారూ, మీరు చెప్పినట్టేనండి" అనేవాడు. ఆమె అటు మళ్లగానే కట్టెలు పైకి పోయేవి.

తీయకూడని వాటికి రంగు పూసి చూసింది. ఆ కట్టెలు పది సైట్లు తిరిగి వచ్చినవి, అన్ని రంగులూ వాటి మీద ముందే ఉన్నాయి. అప్పుడు ఇంటి నుంచి పాత నూలు చీరలు తెచ్చి పీలికలు చింపింది. తీయకూడని కట్టెకు మనిషి ఎత్తున ఒక గుడ్డముడి. తీయవచ్చునని తేలిన రోజు తన చేత్తోనే విప్పుతుంది. చదువు రానివాళ్లకు కూడా దూరం నుంచే తెలుస్తుంది. ఆ గుడ్డల సంగతి మొత్తం ఇంతే. ఇందులో దేవుడూ లేడు, దయ్యమూ లేదు.

కానీ ఆ బండల్లో ఒకప్పుడు మైసమ్మ రాయి ఉండేది. పేల్చేటప్పుడు దాన్ని గోడ పక్కకు జరిపారు. పాలమూరు నుంచి వచ్చిన ఆడకూలీలు రోజూ దానికి మొక్కే తట్ట ఎత్తేవాళ్లు. తల నెరిసిన పెద్దమనిషి పొద్దున్నే స్నానం చేసి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కట్టె కట్టెకూ ముడి వేసుకుంటూ పోతుంటే వాళ్లేమనుకుంటారు? బాలమణి అని ఒక కూలీ ఉండేది, అందరికంటే పెద్ద తట్ట మోసే మనిషి. ఆమె ముందుగా ఒక కట్టె మొదట్లో బంతిపూలు పెట్టింది. మర్నాటికి పసుపు వచ్చింది. ఆ తర్వాత గుడ్డ ఉన్న కట్టె దగ్గరికి చెప్పులతో పోవడం మానేశారు. మేనేజరు తీయమంటే కూలీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మ కట్టె సారు. మేం ముట్టం."

నేను పోయి మేడంకు చెప్పాను. "మీ కట్టెలకు మొక్కుతున్నరు మేడం. హుండీ పెట్టున్రి, సగం నాకియ్యాలె."

ఆమె అక్కడికి వచ్చి చాలాసేపు చూసింది. వాళ్లను కూర్చోబెట్టి చెబుతుందేమో అనుకున్నాను. నోరు తెరిచింది కూడా. మళ్లీ మూసుకుంది.

"ఉండనీలే. నా మాట ఎవరూ ఇంత బాగా విన్నది లేదు."

"గది మీ మాట గాదు మేడం, మైసమ్మ మాట."

"ఎవరిదైతే ఏమప్పా? కర్ర నిలబడింది కదా."

తను గీసిన దాని కింద ఇంకొకరి సంతకం పడటం ఆమెకు కొత్త కాదు. ఈసారి సంతకం మైసమ్మది, అంతే తేడా.

మేడను ప్రారంభించడానికి పెద్దవాళ్లు వచ్చే రోజు ఖాయమైంది. ఆ లోపల కట్టెలన్నీ తీసి పని ముగించాలి మేనేజరు సారుకు. కూలీలు కట్టె ముట్టరు. మేడం ఒప్పుకోదు. ఆ వారంలోనే ఒకరోజు ఆమె నా ట్యాంకరులో బయలుదేరింది. స్లాబు పోసిన మాల్‌తోనే చిన్న దిమ్మలు చేసి పెట్టేది. వాటిని ఒక కాలేజీకి తీసుకుపోయి, అక్కడి మిషనులో నొక్కించి, ఎంత బరువుకు పగులుతాయో చూడాలి. కంపెనీ జీపు ఆమెకు ఏనాడూ ఖాళీగా దొరకలేదు కాబట్టి నా బండే ఆమె జీపు.

దిమ్మలు అనుకున్నదానికంటే తక్కువ బరువుకే పగిలాయి. "ఇంకా పచ్చిదే," అంది. అయినా దిగులు పడలేదు. తిరిగి వస్తుంటే క్యాబిన్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

"మైసమ్మకు జీతమియ్యల్లప్పా. నా పని చేస్తాంది."

గేటు దగ్గర బండి ఆపాను. మాంసం ఉడుకుతున్న వాసన. జమిడిక వాయిద్యం చంకన పెట్టుకున్న బైండ్లాయన, అమ్మవార్లకు కొలుపులు చేసే మనిషి, మేక తలను తువ్వాల్లో చుట్టుకుని మాకు ఎదురుగా వస్తున్నాడు. కుండతో నీళ్లకు వచ్చిన ఒక కూలీ చేతి మణికట్టుకు గుడ్డపీలిక ఉంది. మేడం కిటికీలోంచి చెయ్యి చాచి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇది యాడిదమ్మా?"

"అమ్మ పర్సాదం మేడం. మేనేజర్ సారు యాటను ఇప్పిచ్చిండు. బైండ్లాయన అమ్మను అడిగి ముడుపులు ఇప్పిండు. అమ్మ ఒప్పుకున్నదంట. మాకందరికి తలొకటి కట్టిండు."

చుట్టూ చూస్తే ప్రతి చేతికీ ఒక పీలిక. అన్నీ ఆమె చీరలే.

ఆమె బండి దిగిన తీరు నాకు గుర్తు లేదు. మేడ వైపు పరిగెత్తడం గుర్తుంది. హెల్మెట్ పడిపోయింది. "బయటికి రండి, అందరూ బయటికి రండి" అని ఆమె అరుస్తుంటే గొంతు చీరుకుపోయింది. చాలామంది అప్పటికే బయట అన్నాల దగ్గర ఉన్నారు. ఆ పుణ్యం మైసమ్మదో మేకదో నాకు తెలియదు. లోపల కట్టెలు మోస్తున్నవాళ్లు ఆమె మొహం చూసి మారుమాట లేకుండా పారేసి వచ్చేశారు. ఆ ఒక్కసారి విన్నది మాత్రం ఆమె మాటే.

బాలమణి ఒక్కతే రాలేదు. కట్టెలు తీసిన చోట పూజ పూలు నేల మీద పడి ఉంటే, ఎవరూ తొక్కకుండా ఏరి కొంగులో వేసుకుంటోంది.

"వస్తున్న మేడం. పూలు తొక్కుతరని..."

పెద్ద చప్పుడేమీ కాలేదు. లారీలోంచి కంకర దించినట్టు వినిపించింది. తర్వాత అంతా దుమ్ము. దుమ్ము తగ్గాక, స్లాబు ఉన్న చోట ఆకాశం కనిపించింది. మేడం మోకాళ్ల మీద కూర్చుని చేతులతో పెళ్లలు లాగుతోంది. ఆమెను అక్కడి నుంచి లేపడానికి నలుగురం కావలసి వచ్చింది. బాలమణిని తీసినప్పుడు పీలిక చేతికి అలాగే ఉంది.

విచారణకు అధికారులు వచ్చారు. మేనేజరు సారు మెత్తగా చెప్పాడు: "గుడ్డలు, ముడుపులు అన్నీ ఆవిడే మొదలుపెట్టారండి. మేం కూలీల నమ్మకాన్ని గౌరవించాం, అంతేనండి." అధికారి మేడం వైపు తిరిగాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

"గుడ్డలు మీరు కట్టారా?"

"కట్టినాను. తీయకూడదని గుర్తుకు."

"అవి దేవతవని మీరు కూలీలకు చెప్పారా?"

"చెప్పలేదు."

అక్కడ ఆగి ఉంటే ఆమె బతికిపోయేది. ఆగలేదు. "కాదని కూడా చెప్పలేదు," అంది.

ఆ చివరి మాట ఒక్కటే పట్టుకున్నారు. చదువుకున్న ఇంజనీరు మూఢనమ్మకం అని పేపర్లో వచ్చింది. ఉద్యోగం పోయింది. కూలిన ముక్క మళ్లీ పోశారు, అద్దాలు బిగించారు, పెద్దవాళ్లు వచ్చారు, రిబ్బన్ కత్తిరించారు. మేనేజరు సారు ఇంకా పెద్ద మేడకు పోయాడు. మెత్తని మాటకు ఈ ఊళ్లో గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

బోరబండలో ఆమె కిరాయికి ఉన్న గదికి వెళితే కుర్చీలో కూర్చుని ఉంది. అలా చూస్తే నాకు భయమేసింది. ఏదో ఒక వేళాకోళం చేద్దామనుకుని పోయినవాణ్ణి, చెప్పులు విప్పి కింద కూర్చున్నాను.

"నీకు చెప్పిన బాలింత మాట వాళ్లకు చెప్పింటే చాలు కదప్పా," అంది. "బిడ్డల్ని కన్నోళ్లు. అప్పుడే అర్థమై ఉండేది. మేక కాదు, ఏనుగును కోసినా ఆ కర్ర ముట్టుకోకపోదురు. మాట సాగితే చాలు, నాది కాకపోయినా ఫికర్ లేదనుకుంటి."

దగ్గు మొదలైంది. దవాఖానాలో చేరింది. అన్నం సరిగా తినదు, ఎవరితోనూ పలకదు. నేను పోయినప్పుడల్లా ఒకటే అడిగేది: "బాలమణి వాళ్లు ఎవరన్నా వచ్చినారా?" ఆ గుడ్డలేమిటో వాళ్లకు తన నోటితో చెప్పుకోవాలి. ఊరంతా ఏమన్నా సరే, ఆ ఇంటివాళ్లు మాత్రం నిజం వినాలి. ఆమెకు అంతకు మించి ఏ కోరికా మిగల్లేదు.

పోయిన నెల బాలమణి చెల్లెలు వచ్చింది. ట్యాంకర్ల దగ్గరికే వచ్చి, నా పేరు అడిగి కనుక్కుంది. పచ్చ చీర, చంకలో సంచి. "గా మేడం మంచిగున్నదా అన్నా?" అని అడిగింది. "మా అక్క చెప్తుండె. ఎండల పని ఆపి నీడకు పిలుస్తదట. ఆమె తప్పు గాదని మాకెరుకే. జర చెప్పున్రి." మళ్లీ వస్తానని చెప్పి, బస్సుకు ఆలస్యమవుతోందని పోయింది.

అదే రోజు మేడంకు చెప్పాను. కళ్లు తెరిచి నా మొహం వంక చూసింది, పిల్లర్‌ను చూసినట్టే.

"ఏ చీర కట్టుకొని ఉండె?"

"పచ్చది మేడం."

నా మొహం మీది నుంచి చూపు తీసి దుప్పటి అంచు సర్దుకుంది. తర్వాత, "ఈసారి వస్తే ఇక్కడికే పిలుచుకొని రాప్పా. నేనే చెప్తా" అంది. మంచం నడుమ నుంచి మెల్లగా గోడ వైపు తప్పుకుని, అంచున ఒక మనిషి కూర్చునేంత చోటు ఖాళీ చేసింది. ఆ పూట రెండు ముద్దలు తిన్నది.

ఇంత రాశాక దాచడం ఎందుకు? బాలమణి చెల్లెలు రాలేదు. బాలమణికి చెల్లెలు ఉందో లేదో కూడా నాకు తెలియదు. పాలమూరులో ఏ ఊరో పనికి తెచ్చిన మేస్త్రీకే తెలియదు. ఆ పచ్చ చీర, ఆ సంచి, ఆ మాటలు అన్నీ మంచం పక్కన నిలబడి నేను అల్లినవి. మిగతాదంతా నిజం. ఆ మంచం అంచున ఖాళీ చోటు కూడా నిజం. పోయేదాకా ఆమె గోడకు ఆనుకుని ఒకవైపే పడుకుంది. పడిపోతావేమో, నడుమకు రా పెద్దమ్మా అని నర్సు సర్దబోతే, చెయ్యి అడ్డం పెట్టి, "ఉండనీ, ఒకామె రావల్ల" అనేదట.